అన్నీ గీస్తే బొమ్మెక్కడ?

వదినగారూ, గోంగూర ఆ గోడ మీదే పెట్టండి, తీసుకుంటాను. నిన్న పుష్కరాల రేవులో నేను గీసిన బొమ్మ చూసి అన్నయ్యగారు ఏమో అన్నారటగా? ఆర్చి బ్రిడ్జికి 28 కమానులుంటే రెండున్నర వేసి ఊరుకుందేమిటని! రైల్వేలో చేసిన మనిషి కదా, లెక్క తగ్గితే ఊరుకుంటారా మరి.

ఆ మిగతావి ఉన్నాయండీ, సరిగ్గా చూడమనండి. దగ్గరివి రెండూ శుభ్రంగా వేశాను. మూడోది సగంలో పలచబడింది. ఆ తర్వాత అవతలి గట్టున కొవ్వూరు వైపు చిన్నచిన్నగా అలలా ఒక గీత పోతుంది చూశారూ, తక్కినవన్నీ అందులోనే ఉన్నాయి. గట్టు మీద నించుంటే మన కంటికీ అంతే కదా ఆనేది? పక్కనున్న హేవలాక్ వంతెన మాత్రం కావాలనే వదిలేశాను. 1900లో రైళ్ళు మొదలై 1997 దాకా నడిచిన వంతెన, దానిమీద నాకు గౌరవమే. కానీ రెండు వంతెనలూ ఒకే కాగితం మీదకెక్కితే ఊచలూ స్తంభాలూ కలిసిపోయి ఏది దేనిదో తెలీదు. దాని బొమ్మ దానికి విడిగా వేస్తాను.

అసలు చిక్కు వంతెనతో కాదండీ, జనంతో. కార్తీకమాసం, సోమవారం, రేవెలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా! అందుకే పాత శుభలేఖ అట్టకి నడిమధ్య అగ్గిపెట్టంత కన్నం కోసి సంచిలో పెట్టుకున్నాను. ఒక కన్ను మూసి అందులోంచి చూస్తే రేవంతా పోయి ఒక మూల మిగులుతుంది. నిన్న మిగిలింది తడిచీర పిండుకుంటున్న ఒక పెద్దావిడ, ఆవిడ వెనక పడవ. ఆవిడ మోచేతులూ, చీర మెలికా మాత్రం ఓపిగ్గా వేశాను. చుట్టూ ఉన్న గుంపంతా ఒకే ముద్ద, పైన తలల ఎత్తుపల్లాలు, అంతే. అన్నట్టు ఇంకో సంగతి. మనం నించుని గీస్తే, మనతోపాటు అదే గట్టు మీద నించున్నవాళ్ళ తలలు దగ్గరైనా దూరమైనా ఇంచుమించు ఒకే వరసలో ఉంటాయి. దూరంవాళ్ళకి కాళ్ళు పైకొస్తాయి, ఒళ్ళు చిన్నదవుతుంది. ఆ ఒక్క వరస కుదిరితే మొహాలకి ముక్కూ మూతీ పెట్టక్కర్లేదు.

పొద్దున్నే వెళ్ళొచ్చుగా అంటారేమో. పొద్దున ఎండ మన వీపువైపు నుంచి పడి ప్రతి బిందె, ప్రతి బొట్టూ కనిపించి ప్రాణం తీస్తుంది. సాయంత్రమైతే సూర్యుడు కొవ్వూరు వెనక్కి దిగుతాడు, నీళ్ళు తెల్లగా మెరుస్తాయి, పడవలూ మనుషులూ నల్లబడిపోతారు. కళ్ళు సగం మూసి చూస్తే మూడే రంగులు: తెలుపు, బూడిద, నలుపు. సగం పని సూర్యుడే చేసిపెడతాడు.

ఇలా వదిలేయడం మోసం కాదా అని మీ కోడలు అడిగిందట. మంచి ప్రశ్నే. 2007లో సియాటిల్‌లో గాబ్రియేల్ కంపనారియో అనే పత్రికా చిత్రకారుడు అర్బన్ స్కెచర్స్ అని ఒక బృందం మొదలెట్టాడు. చోటికి వెళ్ళి, కళ్ళతో చూసి గీయాలి, చూసినదానికి నిజాయితీగా ఉండాలి అన్నది వాళ్ళ నియమం. నేను వదిలేస్తాను గానీ లేనిది పెట్టనండీ. బొమ్మలో కొబ్బరిచెట్టుని పక్కకి జరపడానిక్కూడా నాకు చెయ్యాడదు, జరిపేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అయినా బాపు గారి బొమ్మల్లో అన్నీ ఉంటాయా? నాలుగు గీతలు, బోలెడంత ఖాళీ. అవి చూసి ఇది లేదేమని అన్నయ్యగారు ఎప్పుడైనా అడిగారా?

మీ మనవడిని ఆదివారం సాయంత్రం నాతో పంపండి. పెన్సిలూ రబ్బరూ వద్దు, బాల్‌పెన్ను చాలు. చెరపడం కుదరదంటే గీసేముందు చూస్తాడు. దోమలు మాత్రం తినేస్తాయి, ఫుల్ చేతుల చొక్కా వేయండి.