చేపల తొట్టిలో పూలకుండీ

గదికి అలంకారమని చేపల తొట్టిని కొన్నవారు దాని లోపలికీ అలంకారాలనే వెదుకుతారు: ప్లాస్టిక్ కోటలు, రంగురాళ్లు. చేప కోరేది వేరు. పశ్చిమాఫ్రికా నదులనుండి వచ్చిన క్రిబెన్సిస్ చేప జానెడులో సగమైనా ఉండదు. గ్రుడ్లు పెట్టడానికి మాత్రం దానికి గుహ కావలె. పెరటిలో మూలపడిన మట్టి పూలకుండీని ప్రక్కవాటుగా పడుకోబెడితే ఆ గుహ సిద్ధమైనట్లే. ఆడచేప లోకప్పుకు గ్రుడ్లంటించి కనిపెట్టుకొని ఉంటుంది. మగచేప వాకిట పహరా తిరుగుతుంది. ఆ దినాలలో తమకన్న పెద్ద చేపలనైనా ఆ జంట దరిజేరనివ్వదు.

పూత లేని మట్టికి కంటికానని రంధ్రాలుంటాయి. వాటిలో నెలకొన్న సూక్ష్మజీవులు చేపల మలినంనుండి పుట్టే అమ్మోనియాను క్రమంగా నైట్రేటుగా మార్చుతాయి. కాని ఆ రంధ్రాలకు మంచిచెడ్డల విచక్షణ లేదు. ఎరువులూ పురుగుమందులూ పీల్చిన పాతకుండీ చేపలపాలిటి విషపాత్ర. సబ్బుతో కడిగినా అంతే. అడుగునున్న బెజ్జం మరొక చిక్కు. మొక్కవేళ్లు కుళ్లకుండా కుమ్మరి పెట్టినది అది. అందులో దూరి మొప్పలవద్ద ఇరుక్కొనే చేపపిల్లను అతడు తలచి ఉండడు. దానిని మూసివేయడం మేలు.

కొన్నాళ్లకు కుండీపై నాచు పడుతుంది. చూడవచ్చినవారికి అది మురికి. యజమాని గీకివేయబోతాడు, లోపలి చేప రెక్కలు విప్పి అతని వ్రేలికి ఎదురు వస్తుంది.