తుపాకీ దించాక చేతులు కడగాలి

చేతులు కడుక్కోవడం గురించి కూడా వ్యాసం రాయాలా అని కొందరు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే, హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ నాలుగు మాటలు చెప్పాలనే మేము కలం పట్టాం. మనలో చాలామంది ఎన్.సి.సి.లో చేరుతున్నారు. 'బి', 'సి' సర్టిఫికెట్లు ఉంటే యూనిఫారం ఉద్యోగానికి పనికొస్తాయని మన ఆశ. ఫైరింగ్ రేంజ్‌లో బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్ భుజానికి ఆనించిన రోజు కలిగే ఆనందమే వేరు. టార్గెట్ కాగితం మీద గ్రూపింగ్ బాగా వస్తే ఆ రోజంతా కాళ్ళు నేల మీద నిలవవు.

మా ఇళ్ళలో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇప్పుడు పి.జి.లో రసాయనశాస్త్రం చదువుతున్నాం కనుక ఆ తూటాలో ఏముందో కొంత తెలిసింది. పాయింట్ టూ టూ తూటా ముందుభాగం మామూలుగా సీసమే. మన ఊళ్ళలో చేపల వలకు కట్టే గుండ్ల సీసమే అది. తూటా వెనక అంచులో ఉండే మందులో కూడా చాలా రకాలకు లెడ్ స్టైఫ్నేట్ అనే సీసపు రసాయనం కలుపుతారు. ట్రిగ్గర్ నొక్కగానే ఆ మందు మండి, పొగతో పాటు కంటికి కనబడని సీసపు ధూళి లేస్తుంది. అది చేతుల మీద, చెంపల మీద, చొక్కా మీద వాలుతుంది. ఖాళీ కేసులు ఏరి లెక్క అప్పజెప్పేవారికీ, పుల్‌త్రూకు చిందీ కట్టి బ్యారెల్ తుడిచేవారికీ మరింత అంటుతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లో. ఆ రైఫిల్‌లో మందు ఉండదు గాని, పెల్లెట్లు ఎక్కువగా సీసానివే. వాటిని వేళ్ళతోనే ఎక్కించాలి.

మన అమ్మలు మిరప కోతకు వెళ్ళి వస్తే, చేతులు రెండు మూడుసార్లు కడిగిగాని చంటిపిల్లను ఎత్తుకోరు. మిరప మంట తానే చెబుతుంది. సీసం ఏమీ చెప్పదు. మంట లేదు, వాసన లేదు, దురద లేదు. చర్మం గుండా లోపలికి పోయేది బహు తక్కువ. నోటి గుండా, ముక్కు గుండానే పోతుంది. మనం చెంచాలతో తినేవాళ్ళం కాదు కదా! అన్నం కలిపేది ఆ ఐదు వేళ్ళతోనే. పైగా ఖాళీ కడుపుతో ఉన్నవారి ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. పొద్దున్నే ఏమీ తినకుండా రేంజ్‌కు పోయి, ఫైరింగ్ అవగానే పూరీ పొట్లం విప్పేది ఎవరో మనకు తెలుసు.

ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. రక్తం పట్టనివ్వదు, నరాలను దెబ్బతీస్తుంది. చిన్నపిల్లల చదువు మీద, తెలివి మీద దెబ్బ కొడుతుంది. ఇంత వరకైతే ప్రమాదం లేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2000 సంవత్సరంలో పెట్రోలు నుండి సీసాన్ని తీసివేసింది కూడా ఇందుకే.

చేయవలసింది పెద్ద పని కాదు. రేంజ్‌లో ఉన్నంతసేపు తినవద్దు, తాగవద్దు, గోళ్ళు కొరకవద్దు. ఫైరింగ్ అయ్యాక సబ్బుతో, పారే నీళ్ళతో మోచేతుల దాకా రుద్ది కడగాలి, ముఖం కూడా కడగాలి. శానిటైజర్ క్రిములకే గాని సీసాన్ని తీయదు. ఆ రోజు వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. వాటితో ఇంటికి పోయి తమ్ముణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకోవద్దు.

మరి రేంజ్‌లో కుళాయి లేకపోతే? అడగాలి. ఇక్కడే మనకు నోరు రాదు. సబ్బు అడిగితే నాజూకు అంటారేమోనని బిడియం. మన తాతల చెయ్యి తగిలితే మైల అన్న లోకమిది. అందుకే శుభ్రం అనే మాట వింటేనే మనకు కొంచెం గుచ్చుకుంటుంది. కాని ఈ శుభ్రం ఎవరి మడి కోసమూ కాదు, మన రక్తం కోసం. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళింది చెరువు నీళ్ళను తాకే హక్కు కోసమే. నీళ్ళు అడగడం చిన్న విషయమని ఆయన అనుకోలేదు. రెండు బకెట్ల నీళ్ళు, ఒక మగ్గు, ఒక సబ్బు బిళ్ళ అడగడానికి మనమెందుకు సిగ్గుపడాలి?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! గురి బాగా చూడండి, మెడళ్ళు తెండి. పెట్టెలో బూట్ పాలిష్ పక్కనే ఒక సబ్బు బిళ్ళ కూడా పెట్టుకోండి. మీతో పాటు వరుసలో నిలబడిన వాడికీ అందులో సగం ఇవ్వండి.