రోస్టరు లేని యూనివర్సిటీ

మాది కుకునూరుపల్లి. అప్పట్ల మెదక్ జిల్లా, 2016 నుంచి సిద్దిపేట జిల్లా. హైదరాబాదు నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీదనే మా ఊరు. ఆ రోడ్డు మీద మావోళ్లు కూలికి పోయిండ్రు, పట్నంల ఇండ్లు కట్టేటందుకు పోయిండ్రు. యూనివర్సిటీల పాఠం చెప్పేటందుకు మా మాదిగవాడ నుంచి పోయినోన్ని నేనే మొదటోన్ని. ఇది గొప్ప కోసం చెప్తలేను. స్వాతంత్ర్యం వచ్చి అన్నేండ్లయినంక గూడ ఒక వాడల నుంచి ఒక్కడే ఎందుకు పోయిండో మీరు అడగాలని చెప్తున్న.

మా నాయిన మోట బొక్కెనలకు తొండాలు కుట్టేటోడు. తోలు సున్నంల ఎన్ని దినాలు నానాలె, తంగేడు చెక్క ఎంత పడాలె, ఏ పశువు తోలు దేనికి పనికొస్తది, అన్నీ ఆయనకు ఎరుకే. ఊరి పొలాలకు నీళ్లు పారింది ఆ తొండంతోనే. కరెంటు మోటార్లు వచ్చినంక ఆ పని పోయింది. రైతుకు మోటారు వచ్చింది, మా నాయినకు కైకిలి మిగిలింది. ఆయనకున్న విద్యను విద్య అని ఎవలూ అనలే. దానికి సర్టిఫికెట్ లేదు గద!

నేను చదివిందంతా సర్కారు హాస్టళ్లల్ల, సర్కారు స్కాలర్‌షిప్పు మీద. పురుగుల అన్నం తిన్నం, ఒక్క బల్బు కింద పది మందిమి చదివినం. కానీ ఉస్మానియాకు పోయేసరికి అక్కడ మాకు ముందు నడిచినోళ్లు కనవడ్డరు. 1985 కారంచేడు, 1990 మండల్, 1991 చుండూరు, ఇవన్నీ హాస్టల్ గదులల్లనే చర్చకు వచ్చేవి. అక్కడ మా కులపు సార్లు కొందరు ఉన్నరు. వాళ్లను చూసి మేము గూడ సార్లం కావచ్చని అనుకున్నం. వాళ్లు అక్కడికి ఎట్ల వచ్చిండ్రు? ఎవలి దయతోని రాలే, రోస్టరుతోని వచ్చిండ్రు. ఏ నంబరు పోస్టు ఎవలిదో ముందే కాగితం మీద రాసి పెట్టుడే రోస్టరు. ఆ కాగితం లేకుంటే సెలక్షన్ కమిటీకి మా మొఖాలు కనవడవు.

పీహెచ్‌డీ అయినంక ఏండ్లకేండ్లు కాంట్రాక్టు మీద చెప్పిన. పర్మినెంటు పోస్టుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి ఎదురుచూసి నెత్తి నెరిసింది. ఆఖరికి హైదరాబాదుల ఒక ప్రైవేటు యూనివర్సిటీ పిలిస్తే పోయిన. ఇంటర్వ్యూల నా థీసిస్ గురించి ఒకటే ప్రశ్న అడిగిండ్రు. మిగతావన్నీ – ఇంటి పేరు ఏ ప్రాంతంల ఎక్కువ ఉంటది, నాయిన ఏం చేస్తడు, స్కూలు ఏ మీడియం. కులం ఒక్కటి అడగలే. అడిగే అవసరం లేకుండనే తెలుసుకున్నరు.

లోపల అద్దాల గోడలు, ఏసీ గదులు, కార్డు పెడితే తెరుచుకునే తలుపులు. మా అంతస్తుల ముప్ఫై మందిమి అధ్యాపకులం. మావోళ్లు ఎందరని ఎతికిన. అధ్యాపకులల్ల నాకు తెలిసినంత వరకు ఒక్కడు దొరకలే. పొద్దుగాల ఆరు గంటలకు వచ్చి గచ్చు తుడిచే అక్కలల్ల మాత్రం దొరికిండ్రు. ఒక అక్క మొదటి వారంలనే దగ్గరికొచ్చి "ఏ ఊరు సారూ మనది?" అన్నది. ఆ "మనది" అన్న మాట ఆ బిల్డింగుల ఇంకెవలూ నాతోని అనలే.

ఒక పెద్ద ప్రొఫెసర్ టీ తాగుకుంట, "ఇక్కడ కులం గిలం ఏముండదండీ, అంతా మెరిటే" అన్నడు. సార్, మెరిటే అయితే అది కొన్ని ఇంటి పేర్లల్లనే ఎందుకు పుడుతున్నది? ఈ మాట ఆయననే అడిగిన. ఆయన కప్పు పట్టుకోని లేచి పోయిండు.

అంబేద్కర్ 1918ల బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్‌గా చేరిండు. కొలంబియాల చదివి వచ్చినోడు, అర్థశాస్త్రం చెప్పేటోడు. అయినా తోటి ప్రొఫెసర్లు తమ కుండల నీళ్లు ఆయన తాగొద్దన్నరు. ఇప్పుడు కుండ లేదు, ఫిల్టర్ మిషన్ ఉన్నది. నీళ్లు ఎవలన్న తాగచ్చు. అడ్డుపడేది ఇప్పుడు ఇంగ్లీషు ఉచ్చారణ దగ్గర, ఫీడ్‌బ్యాక్ మార్కుల దగ్గర, "మన వాతావరణానికి సరిపోతడా" అనే మాట దగ్గర.

చట్టం సంగతి గూడ చెప్పాలె, మనోళ్లల్ల శానమందికి ఇది తెల్వది. సర్కారు సొమ్ము తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద రిజర్వేషన్ పెట్టరాదని 2005ల ఇనాందార్ కేసుల సుప్రీంకోర్టు అన్నది. దానికి జవాబుగా పార్లమెంటు 93వ సవరణ చేసి, రాజ్యాంగంల 15(5) చేర్చింది. 2006 జనవరిల అది అమలుకొచ్చింది. 2014ల ప్రమతి కేసుల సుప్రీంకోర్టే అది చెల్లుతదని చెప్పింది. అంటే తొవ్వ ఉన్నది. కానీ ఆ తొవ్వల నడవాలంటే చట్టం చెయ్యాలె. 2006 కేంద్ర చట్టం కేంద్ర విద్యాసంస్థల సీట్లకే పరిమితమైంది. 2018ల తెలంగాణ ప్రైవేటు యూనివర్సిటీల చట్టం చేసిననాడు రాష్ట్రం పిల్లలకు 25 శాతం సీట్లని రాసిండ్రు, ఎస్సీ ఎస్టీ బీసీలకు ఇన్ని అని రాయలే. 2025 ఆగస్టుల పార్లమెంటు స్థాయీ సంఘం ప్రైవేటు విద్యాసంస్థలల్ల ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం సీట్లు చట్టం చేసి ఇయ్యాలని సిఫారసు చేసింది. ఇదంతా పిల్లల సీట్ల మాట. పంతుళ్ల కొలువుల మాటకు 15(5) గూడ రాదు. 2019ల అధ్యాపకుల రిజర్వేషన్ చట్టం వచ్చింది గానీ అది గూడ కేంద్ర సంస్థలకే.

పంతుళ్లల్ల మనోళ్లు లేకుంటే ఏమైతది? పోయిన ఏడాది జరిగింది చెప్త. బ్యాంకు అప్పు తెచ్చి మా దగ్గర పీజీ చదివే ఒక మాదిగ పిల్ల, తోలు పని మీద ప్రాజెక్టు రాసుకొచ్చింది. వాళ్ల తాత దగ్గర కూసోని, తోలు పదును పెట్టే పద్ధతంత అడిగి రాసింది. రివ్యూ కమిటీల నలుగురిమి. "ఇందులో థియరీ ఎక్కడ?" అన్నరొకరు. "ఎమోషనల్‌గా ఉంది, న్యూట్రల్ టాపిక్ తీసుకో" అన్నరింకొకరు. అంతకుముందు రోజే, ఒక అబ్బాయి తన తాత జమీందారీ ఇంటి మీద రాసింది చదివి, మస్తుగుందని చప్పట్లు కొట్టింది గూడ ఈ కమిటీయే. తాత ఇల్లు చరిత్ర అయింది, తాత పని ఎమోషన్ అయింది!

పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి గానీ కిందికి రాలనియ్యలే. నేను కమిటీ నిర్ణయం మీద సంతకం పెట్టలే. తంగేడు చెక్కల ఏముంటది, తోలును అది ఎట్ల పదును పెడుతది, ఇది రసాయన శాస్త్రం ఎట్లయితదో రెండు పేజీలు రాసి ఇచ్చిన. మా నాయిన చెప్పిన లెక్కలే రాసిన. నెల దినాలు ఫైలు తిరిగింది. ఆఖరికి అదే టాపిక్ ఒప్పుకున్నరు. పిల్ల పాసయింది. నా కాంట్రాక్టు రెన్యువల్ కాగితం మాత్రం ఇప్పటికీ రాలే. "ప్రాసెస్‌ల ఉంది" అంటున్నరు.

ఆ కమిటీల నేను లేకుంటే? నా తర్వాత ఆ కుర్చీల ఎవలు కూసుంటరు? ఒక్క పంతులు ధైర్యం మీద ఒక జాతి పిల్లల చదువు నిలవడొద్దు. ఆ కుర్చీ మనదని కాగితం మీద ఉండాలె.

తమ్ములారా, చెల్లెలారా, మీరు చదివే కాడ ఒక పని చెయ్యుండ్రి. ఉన్నత విద్య సర్వేకు యూనివర్సిటీలు ఇచ్చే లెక్కలల్ల విద్యార్థులు, అధ్యాపకులు ఏ వర్గం వాళ్లు ఎందరో రాసే గడులు ఉంటయి. ఆ లెక్క నోటీసు బోర్డు మీద పెట్టుమని అడుగుండ్రి. ఎస్సీ అధ్యాపకుల గడిల సున్నా ఉంటే, ఆ సున్నానే పెద్ద అక్షరాలతోని రాసి గేటు ముందట నిలవడుండ్రి. మెరిట్ ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం.