గులాబీ గౌనులో అలసట

మొదటి ఉత్తరం
వాషింగ్టన్ నుంచి అమలాపురానికి, పెదనాన్నగారికి

‘మిస్ అమీలియా వాన్ బ్యూరెన్’ అమెరికా చిత్రకారుడు థామస్ ఈకిన్స్ 1891 ప్రాంతంలో వేసిన తైలవర్ణ చిత్రం. ఎత్తు సుమారు 114 సెంటీమీటర్లు, వెడల్పు 81. ఇక్కడి ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంలో ఉంది. చెక్కడపు పనితనమున్న పెద్ద కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంటుంది. గులాబీరంగు గౌను, ముందుభాగంలో పూల బట్ట. విసనకర్ర ఒళ్లో వాలిపోయింది, తల ఒక చేతికి ఆనింది. చూపు ఎదుటివాళ్ల మీద లేదు, వెలుగు వచ్చే వైపుంది. జుట్టులో నెరుపు, ముఖంలో అలసట. అప్పటికామెకు ముప్పై అయిదు, అటూ ఇటూ. బొమ్మలో ఇంకా పెద్దదానిలా ఉంది. పట్టు మెరుపును అంత ఓపికగా పట్టినవాడు ముఖాన్ని నునుపు చేయలేక వదిలాడనుకోవడానికి లేదు.

ఆ కుర్చీ ఈకిన్స్ స్టూడియోదే, ఆయన మరికొన్ని బొమ్మల్లోనూ కనిపిస్తుంది.

రవివర్మ ప్రెస్ బొంబాయిలో మొదలైంది ఆ దశాబ్దంలోనే, 1894లో. ఆ అచ్చుల్లోని లక్ష్మీ సరస్వతులకు అలవాటుపడ్డ కోనసీమ కంటికి ఈ బొమ్మ మొదట వెలితిగా తోస్తుంది. కాసేపు నిలబడితే తోచదు.

రెండో ఉత్తరం
ఫిలడెల్ఫియా నుంచి

ఈకిన్స్ (1844–1916) ఈ ఊరివాడు. పెన్సిల్వేనియా అకాడమీలో బొమ్మతో పాటు శవాలను కోయించి ఎముకా కండా నేర్పాడు. ఆడపిల్లలున్న తరగతిలో మగ మోడల్ గోచీ తీసేసినందుకు 1886లో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. డెట్రాయిట్ నుంచి వచ్చిన అమీలియా అక్కడ ఆయన శిష్యురాలు, తరవాత ఫొటోగ్రాఫర్ అయింది. కూర్చున్న మనిషికీ బొమ్మ మర్మం తెలుసునన్నమాట. ముఖస్తుతి ఎరగని ఆయన చిత్రాలు చాలామందికి నచ్చలేదు, కొందరు తమ బొమ్మను తామే వద్దన్నారు.

అమీలియా బొమ్మకు కోనసీమలో చుట్టాన్ని వెతికితే రవివర్మ అచ్చుల్లో దొరకదు, లంకల గన్నవరంలో దొరుకుతుంది. అన్నదాత డొక్కా సీతమ్మ (1841–1909) ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకకు పిలుపొచ్చినా వెళ్లలేదనీ, ఫొటోకీ ఒప్పుకోలేదనీ, ఫొటో కోసం వచ్చిన అధికారి తన ఉద్యోగం పోతుందని బతిమాలితేనే కూర్చుందనీ అక్కడ చెప్పుకుంటారు. పేరు కోసమో అందం కోసమో కూర్చున్న మనిషి కాదు. పటానికి విలువ అక్కడుంది.

అమీలియా 1942లో చనిపోయింది. చిత్రాన్ని ఫిలిప్స్ కలెక్షన్ 1927లోనే కొన్నది.