ఒలిస్తే వచ్చే రంగు

గుడివాడలో మా అక్కయ్య వాళ్ళ ఇంటి ముందు వేపచెట్టు నీడన ఒక అంబాసిడర్ కారు ఉంది. అది మా బావగారు 1974లో కొన్నది. బావగారు పోయి ఆరేళ్ళయింది గాని కారు మాత్రం కదలకుండా అక్కడే ఉంది. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మా అక్కయ్య రోజూ పొద్దున్నే దానిమీద రాలిన వేపపూత దులుపుతుంది. దాని రంగు గంధం రంగు.

మొన్న మా మేనకోడలి పెళ్ళి నిశ్చయమయింది. బెజవాడలో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు వచ్చి, "అమ్మా, నాన్న కారు నీలం రంగు చేయిస్తాను. చెల్లాయిని అందులోనే మంటపానికి తీసుకువెడదాం" అన్నాడు.

అక్కయ్య విస్తళ్ళు లెక్కపెడుతున్నదల్లా ఆగింది. "మీ నాన్న ఏ రంగు కొన్నారో ఆ రంగే ఉండనియ్యి."

"ఉంటుందమ్మా! ఇది మామూలు రంగు కాదు, రబ్బరు పూత. పెళ్ళయ్యాక అరటిపండు తొక్క ఒలిచినట్టు ఒలిచేస్తే కింద నాన్న రంగు అలాగే ఉంటుంది."

అక్కయ్య నావంక చూసింది. ఇంటాయన లేని ఇంట్లో తమ్ముడి మాటకు ఎప్పుడూ లేని విలువ వస్తుంది. నాకు కార్ల సంగతి బొత్తిగా తెలియకపోయినా, అన్నీ తెలిసినవాడిలా తల ఊపాను. అందుకు శిక్షగా ఆ కారుతోపాటు పెదన, బందరు, దివిసీమ తిరిగివచ్చే పని నాకే పడింది. పెదనలో పెట్టుపోతలకు కలంకారీ గుడ్డలు తేవాలి, చిలకలపూడిలో కవరింగు నగలు తేవాలి, దివిసీమలో బావగారి బాబాయిగారికి శుభలేఖ ఇవ్వాలి.

ముందు రంగు సంగతి చెబుతాను.

ఈ పూత అసలు కార్లకోసం పుట్టింది కాదట. పటకార్లు, కత్తెరలు వంటి పనిముట్ల పిడులు చేతిలో జారకుండా వాటిని ముంచి తీసే రబ్బరు ద్రవం అమెరికాలో 1970లనుంచి వాడుకలో ఉంది. అదే ద్రవాన్ని చిమ్మడానికి వీలుగా పల్చగా చేస్తే కారుమీద తుంపరలుగా పడి, ఆరాక చర్మంలాగా అంటుకుంటుందని తరువాత కనిపెట్టారు. మామూలు రంగు రేకును గట్టిగా కరుచుకుంటుంది. ఇది పైన ఊరికే పరుచుకుని ఉంటుంది. కిటుకంతా అందులోనే ఉంది.

గుడివాడ షెడ్డులో మేస్త్రీ మొదటిరోజు ఆకాశం వంక చూసి, "మబ్బుపట్టిందండీ, ఇవాళ వద్దు" అన్నాడు. గాలిలో తేమ ఉంటే పూత సరిగా ఆరదట, తెల్లబారుతుందట. మర్నాడు ఎండ కాశాక కారును సబ్బుతో కడిగి, జిడ్డు లేకుండా తుడిచి, అద్దాలకూ దీపాలకూ కాగితాలు అంటించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మొదలుపెట్టాడు. ఆ ద్రావకం ఆవిరి ముక్కుకు మంచిది కాదు, నిప్పుకు అసలే మంచిది కాదు. అందుకని నా చుట్టను షెడ్డు బయటనే వదిలేయించాడు.

మొదటి పూతకు గంధం రంగు మచ్చలు మచ్చలుగా కనిపిస్తూనే ఉంది. "ఇదేమిటయ్యా?" అన్నాను.

"ఇంకా అయిదారు పూతలు పడాలి బాబూ. పల్చగా వేస్తే డబ్బు మిగులుతుంది గాని, తీసేటప్పుడు పొరలాగా రాదు. చిన్నచిన్న పేలికలుగా తెగి ప్రాణం తీస్తుంది. తేలిగ్గా తీయాలంటే మందంగా వెయ్యాలి" అన్నాడు.

ప్రతి పూతకూ మధ్య ఆరనిచ్చి, ఆఖరి పూత తడిగా ఉండగానే అంచుల కాగితాలు లాగేశాడు. ఆరాక లాగితే రబ్బరుకూడా వెంట వచ్చేస్తుందట. సాయంత్రానికి మా బావగారి కారు నెమలికంఠంలా నిగనిగలాడింది. అక్కయ్య గుమ్మంలోనుంచే ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మరొక్క మాట. బండి రిజిస్ట్రేషను కాగితంలో రంగుకూడా రాసి ఉంటుంది. ఒలిస్తే పోయే రంగేకదా అని ఊరుకోకూడదు. రవాణా కార్యాలయంలో తెలియజేసి నమోదు చేయించుకోవాలి. మేనల్లుడు ఆ పని చేసుకువచ్చాకనే మేము బయలుదేరాము.

గుడివాడ దాటి గుడ్లవల్లేరు, కవుతరం మీదుగా వెడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా పచ్చటి వరి, మధ్యమధ్య కాలువలు, చేపల చెరువులు. ప్రతి ఊళ్ళోనూ పిల్లలు ఆగి మరీ చూశారు. పాత అంబాసిడర్‌ను అందరూ ఎరుగుదురు. నీలి అంబాసిడర్‌ను ఎవరూ ఎరగరు.

పెదనలో అద్దకం చేసే ఇంటికి వెళ్ళాము. అక్కడ నాకు ఒక కొత్త సంగతి తెలిసింది. గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెడతారు. తరువాత టేకు అచ్చులతో అద్దుతారు. నలుపుకోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపునీళ్ళలో నానవేసి పులియబెడతారు. ఎరుపుకోసం పటిక అద్దుతారు. అద్దినప్పుడు ఎరుపు కనిపించదు. వేళ్ళు, ఆకులు వేసి రంగునీళ్ళలో ఉడికించాకనే, పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఆ తరువాత పారే కాలువలో ఉతికి ఆరవేస్తారు.

"ఇది ఒలిస్తే వస్తుందా?" అని అడిగాడు మా వాడు వేళాకోళానికి.

అద్దకం పెద్దాయన నవ్వలేదు. "గుడ్డ చిరిగిపోతుంది గాని రంగు రాదు నాయనా. అది పైన లేదు, దారంలో ఉంది" అన్నాడు.

1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో వర్తకశాల పెట్టింది ఇటువంటి గుడ్డలకోసమే. డచ్చివాళ్ళూ, ఫ్రెంచివాళ్ళూ కూడా ఈ రేవుకే వచ్చారు. సముద్రాలు దాటి, ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని రంగుకోసం అంతంత దూరాలనుంచి వచ్చారన్నమాట. మనవాళ్ళు తుప్పును కూడా పారెయ్యకుండా రంగు చేసుకున్నారని నాకు ఎంతో ముచ్చట వేసింది. ఆ తుప్పే మా కారుపాలిట ఏమయిందో తరువాత చెబుతాను.

బందరు చేరేముందు పెట్రోలు పోయించుకున్నాము. పోసే కుర్రవాడు గొట్టం తీస్తున్నప్పుడు నాలుగు చుక్కలు వెనుక మూత పక్కన ఒలికాయి. మా వాడు "అయ్యో!" అని రుమాలుతో తుడిచాడు. తుడిచినమేరా పూత మెత్తబడి ముడతలు పడింది. పెట్రోలు ఈ రబ్బరును కరిగిస్తుందట. ఆ సంగతి మేస్త్రీ చెప్పాడు గాని మేమే మరిచాము. అరచేతి మందాన నీలం చెదిరి, మధ్యలో రూపాయిబిళ్ళంత గంధం రంగు బయటపడింది. మా వాడి ముఖం చూడలేకపోయాను. వాణ్ణి ఓదార్చడానికి బందరు లడ్డు కొనిపెట్టాను. ముప్పయ్యేళ్ళవాడైనా లడ్డు పనిచేసింది.

చిలకలపూడిలో పాండురంగడి గుడి ఉంది. 1929లో కట్టిన గుడి. దర్శనం చేసుకుని నగలకోసం వెళ్ళాము. చిలకలపూడి రోల్డుగోల్డు పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. రాగితో, ఇత్తడితో నగ చేసి, శుభ్రపరిచి, బంగారం కలిసిన ద్రావకంలో వేలాడదీసి విద్యుత్తు పంపుతారు. కంటికి ఆనని మందంలో బంగారం వచ్చి దానిమీద కూర్చుంటుంది. చెమట తగలకుండా, సబ్బునీళ్ళు పడకుండా చూసుకుంటే చాలాకాలం మెరుస్తుంది. వెలిసిపోతే మళ్ళీ పూత వేయించుకోవచ్చు.

నాకు నచ్చింది అక్కడి దుకాణాయన మాట. హారం చేతికిస్తూనే, "ఇది కవరింగేనండి" అన్నాడు. దాచలేదు. ఆ మాట చెప్పి అమ్మడంవల్లనే ఎందరో మధ్యతరగతి ఆడపిల్లలు రైళ్ళలోనూ, బస్సుల్లోనూ మెడనిండా నగలతో నిర్భయంగా తిరుగుతున్నారు. పూత అని చెప్పి పూసింది అలంకారం, చెప్పకుండా పూసింది మోసం.

సాయంత్రం మంగినపూడి తీరానికి వెళ్ళాము. నల్లమట్టి తీరం, లోతులేని నీళ్ళు. ఉప్పుగాలి రయ్యిన కొడుతున్నది. 1864 నవంబరు ఒకటో తేదీ రాత్రి ఈ సముద్రమే బందరు మీదికి వచ్చి సుమారు ముప్పయివేలమందిని పొట్టనపెట్టుకుంది. కారును గాలికి ఎదురుగా నిలిపి మేము శనగలు తింటూ కూర్చున్నాము. అదీ పొరపాటేనని తరువాత తెలిసింది.

మర్నాడు చల్లపల్లి, మోపిదేవి మీదుగా ప్రయాణం. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి దండం పెట్టుకుని, పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ చేరాము. ఇక అక్కడినుంచి అంతా దివిసీమే. కృష్ణ పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట ఏర్పడిన లంక ఇది. నది ఇచ్చిన మట్టిమీద బతుకుతూ సముద్రం వంక ఓ కన్ను వేసి ఉంచే సీమ.

కోడూరు దాటాక బాబాయిగారి ఊరు. ఆయనకు తొంభై దగ్గర పడుతున్నాయి. అరుగుమీద కూర్చుని ఉన్నారు. కారు ముందు ఆగితే, "ఎవరు నాయనా? ఎవరింటికి?" అన్నారు. మేనల్లుడు దిగి పేరు చెప్పాడు. ఆయన వాడివంక చూడలేదు, కారువంక చూశారు.

"మీ నాన్న కారేదిరా? అమ్మేశారా?"

నేను నోరు తెరిచేలోగా ఆయన తమలో తాము మాట్లాడుకుంటున్నట్టుగా చెప్పసాగారు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా జనం పోయారు. ఈయన ఇంట్లో ముగ్గురు పోయారు. చెట్టు పట్టుకుని ఈయన బతికారు. దారి తెరిపిన పడ్డాక మా బావగారు గుడివాడనుంచి బియ్యం, గుడ్డలు, మందులు వేసుకుని ఆ కారులో వచ్చారట. "గట్టుమీద నిలబడి చూస్తున్నాను. అంతా బురద రంగే. మనుషులూ అదే రంగు, గొడ్లూ అదే రంగు. దూరాన గంధం రంగు కారొక్కటే కనిపించింది. మనవాళ్ళు ఇంకా ఉన్నారనుకున్నాను" అన్నారు.

మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కారు వెనక్కు నడిపించి, పెట్రోలు ఒలికినచోట ఆయన వేళ్ళు ఆనించాడు. "ఇదే తాతయ్యా. అమ్మలేదు. పైన ఊరికే తొడుగు తొడిగాను" అన్నాడు. ఆ రూపాయిబిళ్ళంత గంధం రంగును ఆయన వేలితో చాలాసేపు తడిమారు. "సరే. పెళ్ళి ముచ్చట కదా, ఉండనియ్యి" అన్నారు. మేము పెట్టిన శుభలేఖ చదవకుండానే కళ్ళకద్దుకున్నారు.

హంసలదీవి వెళ్ళి వేణుగోపాలుణ్ణి చూద్దామనుకున్నాము గాని పొద్దు పోయింది. గుడివాడ తిరుగుదారిలో మా వాడు అయిదారు మాటలకంటే ఎక్కువ మాట్లాడలేదు.

పెళ్ళి బాగా జరిగింది. నీలికారులో పెళ్ళికూతురు దిగుతుంటే అందరూ మెచ్చుకున్నారు. పదహారు రోజుల పండుగ అయిన మర్నాడే మేనల్లుడు కారు ముందు కూర్చున్నాడు. అంచు గోటితో లేపి లాగితే పొర చరచర లేచి వచ్చింది. పేటలోని పిల్లలంతా చేరి తలొక మూలా లాగారు. మేస్త్రీ చెప్పినట్టు మందంగా వేసినచోట దుప్పటిలా వచ్చింది. సందుల్లో, గొళ్ళేల దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి.

అయితే రెండు లోపాలు బయటపడ్డాయి. ఎప్పుడో బాగుచేయించి రంగు వేయించిన తలుపు కిందిభాగంలో ఆ పాత రంగు పెచ్చుకూడా రబ్బరుతో ఊడివచ్చింది. వెనుక చక్రం పైన, అంచు లేచినచోట, ఉప్పుగాలీ తేమా లోపల చేరి సన్నని తుప్పు గీత పట్టింది. కొత్త కారుకూ, రంగు గట్టిగా ఉన్నదానికీ ఈ పూత బాగానే ఉంటుంది. పాతదానికి వేసేవారు ముందు రేకు సంగతి చూసుకోవాలి. సముద్రపు ఒడ్డున తిరిగి వచ్చినవారు మంచినీళ్ళతో కడుక్కోవాలి, అంచు లేచిందేమో చూసుకోవాలి. కప్పినంతమాత్రాన తుప్పు ఆగదు.

మేనల్లుడు తలవంచుకుని, "అమ్మా, నాన్న రంగు చెడగొట్టాను" అన్నాడు.

అక్కయ్య వంగి ఆ తుప్పుగీతను పమిట చెంగుతో తుడిచింది. "అదే రంగు డబ్బా తెచ్చి వేయించు. దివిసీమ మామయ్యగారు వేసవిలో వస్తానన్నారుగా. దూరంనుంచి కనిపించాలి" అంది.

ఆ నీలిపొరను చుట్టచుట్టి పారేయబోతే పిల్లలు ఎత్తుకుపోయారు. మర్నాడు చూద్దునుకదా, ఎదురింటివాళ్ళ మూడుచక్రాల సైకిలుకు నీలి తొడుగు వేసి ఉంది.