చేతికి అందని పిడి



విమానాన్ని ఇంటి దగ్గర తామే తయారు చేసుకొనేవారున్నారంటే మన పల్లెల్లో నవ్వుతారు. అమెరికాలో మాత్రం అది చట్టం ఒప్పుకొన్న పని. నేర్చుకొనేందుకో, వినోదానికో సగానికి మించి తామే కట్టినట్లు చూపితే, 'ప్రయోగాత్మక' విమానమని ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. యంత్రాలంటే ఇష్టపడే మా పిల్లలతో కలిసి ఈ సంగతులు చదివినప్పుడు, అదుపు సాధనాలను అమర్చే పనే మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసింది.

పైలట్ చేతిలో ఒక కర్ర, పాదాల దగ్గర రెండు పెడళ్ళు ఉంటాయి. అక్కడినుండి ఉక్కు తీగలో కడ్డీలో రెక్కలకు, తోకకు ఉన్న కదిలే పలకల వరకు పోతాయి. సైకిలు బ్రేకు తీగను బిగించినవారికి ఇది కొంత అర్థమవుతుంది. తీగ వదులైతే పలక సరిగా మాట వినదు. మరీ బిగువైతే కర్ర బరువెక్కుతుంది. బిగువును సరిచేసే మర గొట్టానికి బయట మూడుకు మించి మర చుట్లు కనబడకూడదు. అది తనంతట తాను తిరగకుండా సన్నని తీగతో కట్టివేస్తారు.

తరువాత పరీక్ష. కర్రను ఎడమకు వంచితే ఎడమ రెక్క పలక లేవాలి, కుడి రెక్క పలక దిగాలి. తీగలు తారుమారైతే కర్ర ఎంత హాయిగా కదిలినా ప్రాణాపాయమే. కావున కర్రను గాక పలకను చూడాలి. కట్టినవారికి తమ పని సరిగానే కనబడుతుంది గనుక మరొకరిచేత కూడ చూపించుకోవాలి.

అంతటితో సరిపోదని 1997 అక్టోబరు 12న జరిగిన ప్రమాదం తెలుపుతున్నది. ఆ రోజు గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో విమానం కూలి మరణించాడు. అది బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ. వేరొకరు కట్టినదాన్ని ఆయన కొత్తగా కొనుక్కున్నాడు. రూటాన్ నక్షాలో ఇంధనపు టాంకీని మార్చే పిడి పైలట్ కాళ్ళ మధ్య ఉంది. కట్టిన వ్యక్తి దాన్ని ఎడమ భుజం వెనుక బిగించాడు. ఇంధనం పైలట్ దగ్గరకు రాకూడదన్నదే ఆయన ఉద్దేశం. కాని దాన్ని అందుకోవాలంటే కర్ర వదలి వెనుకకు తిరగాలి. అలా తిరిగినప్పుడు కుడి పాదం తెలియకుండానే పెడలును నొక్కుతున్నదని దర్యాప్తు చేసినవారు కూర్చుని పరీక్షించి కనుగొన్నారు. పిడికి గుర్తులు కూడ లేవు. పైలట్‌కు ఆ విమానంపై తగిన శిక్షణ లేకపోవడం, బయలుదేరక ముందు సరిగా చూచుకోకపోవడం కూడ కారణాలని నివేదిక తెలిపింది.

కట్టినవానిది మంచి ఉద్దేశమే. అయితే షెడ్డులో నిలబడి బిగించేవారికి రెండు చేతులూ ఖాళీ. ఆకాశంలో ఉన్నవారికి ఒక్కటీ ఖాళీ ఉండదు. బెల్టు కట్టుకొని కూర్చుని, చూడకుండానే ప్రతి పిడినీ తాకగలమా అని పరీక్షించవలసినది ఇందుకే.

ఇది చదివిన తరువాత మా ఇంట్లో నీళ్ళ మోటారుకు స్విచ్చి పెట్టించవలసివచ్చింది. ఎలక్ట్రీషియన్ గోడకు రంధ్రం వేయకముందే మా ఇంటివారిని పిలిచి, బిందె చంకన ఉండగా చేయి ఎక్కడికి సులువుగా అందుతుందో చూపమన్నాము. ఆమె చూపిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టాము. అది మేమనుకున్న చోటికి జానెడు క్రింద ఉంది.