కాళీగండకిలో గాలి లేచేలోపు

సునౌలీ దగ్గర సరిహద్దు దాటాక తెరాయి మైదానం, చురియా కొండలు, మహాభారత్ శ్రేణి అన్నీ బస్సు కుదుపుల్లోనే గడిచిపోయాయి. పోఖరా సరస్సు మీద ఇప్పటికే బోలెడంత మంది రాశారు. బేనీ నుంచి పైకి జీపులో నడుం పట్టేసింది.

కాలోపానీలో దిగి తలెత్తితే ఆ నొప్పి గుర్తులేదు. ఎడమ పక్క 8,167 మీటర్ల ధవళగిరి, కుడి పక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ, నడుమ కాళీగండకి. నీటిమట్టం నుంచి శిఖరాల దాకా ఐదు కిలోమీటర్ల పైమాటే. ఇంత గోడను నది ఎలా చీల్చుకొచ్చింది? చీల్చలేదట. కొండలకంటే ముందే నది ఉంది. అవి పైకి లేస్తుంటే ఇది తన దారిని కోసుకుంటూ పోయింది.

మార్ఫాలో భోజనం చేసిన ఇల్లు ఒక థకాలీ దిదీది. ఇత్తడి పళ్ళెంలో బక్‌వీట్ పిండితో చేసిన ఢిడో, మన సీమ సంగటికి చుట్టమే. మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. మినప్పప్పు, పులియబెట్టి ఎండేసిన ఆకుల గుంద్రుక్, టిముర్ అనే మసాలా గింజలు వేసిన పచ్చడి. ఆ పచ్చడి కారం కాదు, నాలుక జిమజిమలాడుతుంది. చాలంటే వినదు, ఇంకో గరిటె వడ్డిస్తుంది. టిబెట్ ఉప్పు కిందికీ, ధాన్యం పైకీ నడిపిన వర్తకుల జాతి ఈ థకాలీలది. అతిథిని ఎలా కూర్చోబెట్టాలో వాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు.

ఇళ్ళ కప్పులన్నీ చదును, అంచుల్లో కట్టెల మోపులు. పోఖరాలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా కురిసే వాన ఇక్కడికొచ్చేసరికి అందులో కొద్ది భాగమే మిగులుతుంది. మేఘాన్ని కొండలు ఆపేస్తాయి. గాలి మాత్రం ఆగదు. పొద్దెక్కి పైనున్న బీడు పీఠభూమి వేడెక్కగానే లోయ దక్షిణం నుంచి గాలిని పీలుస్తుంది. పైనున్న ఊరు జోమ్‌సోమ్‌కు విమానాలన్నీ పొద్దున్నే తిరగడం అందుకే. మధ్యాహ్నం ఏటిగర్భంలో నడిస్తే పళ్ళ మధ్య ఇసుక కరకరలాడింది.

ఆ ఇసుకలోనే రాజమండ్రి యాత్రికురాలు ఒకావిడ వంగి సాలగ్రామాలు ఏరుతోంది. నల్లటి గుండ్రాయి పగిలినచోట మెలి తిరిగిన గాళ్ళు. “చక్రం చూడు నాయనా, స్వామే చెక్కుకున్నాడు” అంది. టెథిస్ సముద్రంలో సుమారు 15 కోట్ల ఏళ్ళ కింద బతికిన అమ్మోనైట్ అనే జీవి గుల్ల అది. చెప్పాను. ఆవిడ రాయిని కొంగుకు తుడిచి, “అయితే పాలసముద్రం ఇదేనన్నమాట” అంది. నా దగ్గర జవాబు లేదు.

ముక్తినాథ్ గుడిలో 108 ధారల కింద స్నానం చేశాను. ఎముకలు కొరికే చలి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. గుడి 3,700 మీటర్ల పైన ఉంది. పోఖరా నుంచి ఒక్కరోజులో చేరుస్తామనే ప్యాకేజీకి ఒప్పుకోకండి. మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒక రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే, గాలి లేవకముందే బయల్దేరండి.